చేత్తో కట్టే మాలలు, దేవుడి నగలు: ఇంటి నుంచి ఎదిగేది ఎలా?

సిరి_పూసలు
రాజమండ్రిలో ఇంటి దగ్గరే రుద్రాక్ష, స్ఫటిక, తులసి మాలలు కడతాను. కొన్ని వెండి తీగతో, కొన్ని పట్టుదారంతో ముడులు వేసి. ఇళ్ళలో పెట్టుకునే అమ్మవారి విగ్రహాలకు చిన్న హారాలు, వడ్డాణాలు, జడలు కూడా చేస్తాను. కొనేవాళ్ళంటే చుట్టాలు, గుళ్ళో పరిచయమైనవాళ్ళు, వాళ్ళు చెప్పగా వచ్చినవాళ్ళు, అంతే. పని బాగాలేదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ధర చెప్పగానే మాత్రం ఫోన్ తీసి 199 రూపాయల మాల చూపిస్తారు. "పూసలు అవే కదమ్మా" అంటారు. 108 పూసలకీ పూస పూసకీ మధ్య ముడి వేస్తే వేళ్ళు కోసుకుపోతాయి, అది వాళ్ళకి కనపడదు.
కార్తీకంలో అన్నం తినే తీరిక ఉండదు. శివరాత్రి దాటితే ఈగలు తోలుకోవడమే. షాపు తీయనా, ఆన్‌లైన్‌లో పెట్టనా, మనిషిని పెట్టుకోనా? ఈ పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. "కష్టపడితే ఫలితం ఉంటుంది" లాంటివి వద్దు, అవి మా ఆయన రోజూ చెబుతున్నారు.

గోదారి_గట్టు
షాపు వద్దు. అద్దె, అడ్వాన్స్, బోర్డు, ఏసీ... మాలలు అమ్మి అద్దె కట్టాలంటే మీరే మాల వేసుకోవాల్సి వస్తుంది.

కంసాలి_వీధి
మా తాతల నుంచీ ఇదే వృత్తి, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.
అమ్మా, నువ్వు మాల మొత్తానికి ఒకే ధర చెబుతున్నావు. అక్కడే వాళ్ళు 199తో పోలుస్తున్నారు. బంగారం కొట్లో ఎవరైనా గొలుసు మొత్తానికి ఒక అంకె చెబుతారా? బరువు ఇంత, ఈ రోజు రేటు ఇంత, తరుగు ఇంత, మజూరీ ఇంత అంటారు. నువ్వూ అలాగే కాగితం మీద రాసి ఇవ్వు. పూసలకి ఇంత, వెండి ఇన్ని గ్రాములు, ఈ రోజు రేటుకి ఇంత, మజూరీ ఇంత అని. మజూరీ అనే మాట మనవాళ్ళకి కొత్త కాదు. బేరం ఆడతారు, నిజమే, కానీ "పూసలు అవే కదా" అని మాత్రం అనలేరు. పూసల ధర పక్కనే రాసి ఉంటుంది కదా.
ఇంకోటి, వెండి ఎప్పటి రేటు అప్పటికే. 2025లో కిలో లక్ష దాటి ఎలా పరిగెత్తిందో అందరం చూశాం. నెల ముందు చెప్పిన ధరకి వెండి మాల కట్టి ఇస్తే చేతి నుంచి పడుతుంది. ఆర్డర్ రోజే వెండికి సరిపడా అడ్వాన్స్ తీసుకో, ఆ రోజే వెండి కొనేయ్.

లక్ష్మీకాసులు
కంసాలి గారితో నేను ఒప్పుకోను. చీర కొనేటప్పుడు నూలు ఎంత, జరీ ఎంత, నేత కూలి ఎంత అని ఎవరైనా అడుగుతారా? విడివిడిగా రాస్తే మజూరీ మీదే గొడ్డలి పెడతారు. నేను ధర ఒక్కటే చెబుతాను, దానికి ఏమేం వస్తాయో చెబుతాను. దారం తెగితే సంవత్సరం పాటు ఉచితంగా మళ్ళీ గుచ్చి ఇస్తాననే ఒక్క మాట చాలు, బేరం సగం ఆగిపోతుంది. 199 వాడు ఆ మాట అనలేడు.

కంసాలి_వీధి
వెండి లేని మాలకి నువ్వు చెప్పిందే సరి. వెండి ఉంటే బరువు చెప్పకపోతే అనుమానం వస్తుంది. మేం అనుభవించిన సంగతి ఇది.

సిరి_పూసలు
తెగితే ఉచితంగా గుచ్చి ఇవ్వడం ఇప్పటికే చేస్తున్నా, కానీ ఎప్పుడూ ముందుగా చెప్పలేదు! వచ్చినవాళ్ళకి చేసి ఇచ్చి పంపేస్తున్నా.

లక్ష్మీకాసులు
ముందే చెప్పండి. పైగా బయట కొన్న మాలలు కూడా గుచ్చి ఇస్తానని చెప్పండి, దానికి మాత్రం డబ్బులు తీసుకోండి. నా కొత్త కస్టమర్లలో ఎక్కువమంది తెగిపోయిన మాల కవర్లో వేసుకుని వచ్చినవాళ్ళే. అమ్మమ్మ గారి పగడాల మాల, నాన్నగారి జపమాల, అలాంటివి. పూసలు ఎన్ని ఉన్నాయో వాళ్ళ ఎదురుగానే లెక్కపెట్టి రాసి ఇవ్వాలి, లేకపోతే తర్వాత గొడవ.

కొండగట్టు_అంజన్న
సిరి అక్కా, శివరాత్రి తర్వాత ఖాళీ అని ఎందుకంటున్నరు? మా దిక్కు చైత్ర పౌర్ణమికి హనుమాన్ దీక్ష మొదలైతది, వైశాఖ బహుళ దశమికి అయిపోతది. 41 రోజులు. నిండు ఎండాకాలం. అందరూ కాషాయం బట్టలే, అందరి మెడల మాలలే. కొందరు 21 రోజులు, 11 రోజులు కూడా వేసుకుంటరు. మీరు అయ్యప్ప సీజన్ ఒక్కటే చూస్తున్నరు.

పూసల_పిచ్చి
అవును, పంచాంగం పక్కన పెట్టుకుని కూర్చుంటే మన వ్యాపారానికి ఖాళీ నెల దాదాపు ఉండదు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి ముఖాలు, హారాలు, జడలు. మీరు విగ్రహాలకి చేస్తారు కాబట్టి అది మీకు కార్తీకం కంటే పెద్ద సీజన్ కావాలి. తర్వాత దసరా. ఆ తర్వాత కార్తీకం, భవానీ, అయ్యప్ప దీక్షలు. సంక్రాంతికి బొమ్మల కొలువు. కష్టమంతా ఎక్కడంటే శ్రావణం సరుకు జ్యేష్ఠంలోనే చేసి పెట్టుకోవాలి, ఆ రెండు నెలలూ డబ్బు సరుకులో ఇరుక్కుంటుంది.

ఏకముఖి_ఎంకన్న
నేనొకటి చెబితే కోప్పడకండి. మాల అమ్ముడుపోవాలంటే దానికో కథ ఉండాలి. ఈ ముఖి (రుద్రాక్ష మీద ఉండే నిలువు గీతల లెక్క) వేసుకుంటే ధనలాభం, ఆ ముఖికి ఉద్యోగం, స్ఫటికానికి మనశ్శాంతి. నేను ఇలా రాసిన రోజే ఫోన్లు వస్తాయి. "చేత్తో కట్టాను" అని రాసిన రోజు ఒక్కడూ చేయడు.

పూసల_పిచ్చి
ఉద్యోగం రాకపోతే మాల వెనక్కి తీసుకుంటారా?

ఏకముఖి_ఎంకన్న
వెనక్కి ఎవరూ ఇవ్వరండీ, దేవుడి వస్తువు కదా 😄

కంసాలి_వీధి
అదే తప్పు. వెనక్కి ఇవ్వరు, మళ్ళీ నీ దగ్గరికీ రారు. నీ హ్యాండిల్‌లో ఏకముఖి చూశాను కాబట్టి అడుగుతున్నా, గుండ్రటి ఏకముఖి అమ్ముతావా? అసలుది దొరకడమే అరుదు, బయట తిరిగేవి ఎక్కువ నకిలీలే.

ఏకముఖి_ఎంకన్న
జీడిపప్పు ఆకారంలో ఉండేదే అమ్ముతా, గుండ్రటిది నా దగ్గర లేదు.

గోదారి_గట్టు
మా వీధిలో గుండ్రటి ఏకముఖి ఉన్న ఇళ్ళు తొమ్మిది. నేపాల్‌లో కూడా అన్ని ఉండవేమో.

పూసల_పిచ్చి
నవ్వులాట కాదు, నకిలీ గొడవ మన వ్యాపారాన్ని నేరుగా దెబ్బ తీస్తోంది. నీళ్ళలో మునిగితే అసలుది, తేలితే నకిలీ అని ఇంకా నమ్ముతున్నారు. బాగా ఎండిన అసలు రుద్రాక్ష తేలొచ్చు, సీసం నింపిన నకిలీది మునుగుతుంది. రెండు రాగి నాణేల మధ్య పెడితే తిరుగుతుందనేది ఉత్త గారడీ. కొంచెం పనికొచ్చేవి చెబుతాను. వేడినీళ్ళలో ఉంచితే జిగురుతో అతికించినవి విడిపోవచ్చు. లెన్స్‌తో చూస్తే ముఖం గీత పైనుంచి కింది దాకా సహజంగా సాగుతుంది, చెక్కినదైతే మధ్యలో తేడా కొడుతుంది. ఖరీదైన ముఖి అయితే ఎక్స్‌రే. లోపల ఎన్ని గదులో అందులో కనిపిస్తాయి. అయిదు ముఖాలది ఎక్కువగా దొరికేదే, ధర తక్కువ, దానికి నకిలీ చేసే అవసరం పెద్దగా రాదు. మన మాలలన్నీ దాంతోనే కాబట్టి ఆ భయం మనకి తక్కువే.
స్ఫటికం సంగతి వేరు. గాజు పూసల్ని స్ఫటికమని అంటగడతారు. లెన్స్ పెట్టి చూడండి, గాజులో చిన్న చిన్న గాలి బుడగలు గుండ్రంగా కనిపిస్తాయి. అసలు స్ఫటికం గాజు మీద గీత పెడుతుంది, గాజుకి ఆ గట్టితనం లేదు. నోటితో చెప్పే కథ కంటే కస్టమర్ చేతికి లెన్స్ ఇచ్చి చూపించండి. నేను అదే చేస్తాను. చూశాక ఇంకా 199 అని ఎవరూ అనరు.

ఏకముఖి_ఎంకన్న
మీకు ఎదురుగా వచ్చే కస్టమర్లు ఉన్నారు. ఫోన్లో అమ్మేవాడు లెన్స్ ఎవరి చేతికి ఇస్తాడు?

పూసల_పిచ్చి
వీడియో తీసి పంపుతాను. గాజు పూస, స్ఫటికం పక్కపక్కన పెట్టి.

చార్మినార్_తస్బీ
మా అబ్బాజాన్ అకీక్ రాయితో తస్బీలు, అంటే ముస్లింల జపమాలలు కడతారు, 33, 99 పూసలవి. మీరంతా చెప్పుకుంటున్నది వింటే మా దుకాణం గొడవే. రంగు వేసిన రాయి, అసలు రాయి, చౌక ప్లాస్టిక్. మా దగ్గర ఎక్కువ అమ్ముడుపోయేది చివర వేలాడే కుచ్చు అందంగా ఉన్నది. రాయి గురించి అడిగేవాళ్ళు తక్కువ, కుచ్చు చూసి ఆగేవాళ్ళు ఎక్కువ. సిరి గారూ, మాల రెండు కొనలూ కలిసే చోట ఉండే మేరు పూస కింద కుచ్చు మీద కాస్త శ్రద్ధ పెట్టండి.

గుణదల_జపమాల
మేం విజయవాడలో రోజరీలు, అంటే క్రైస్తవ జపమాలలు కడతాం. 59 పూసలు, సిలువ. ఫిబ్రవరి 9, 10, 11 గుణదల తిరునాళ్ళు మాకు పండగ. అక్టోబర్ జపమాల మాసం, మే మరియమాత మాసం, అప్పుడు కూడా పని ఉంటుంది. మేం పెరిగింది మాత్రం తిరునాళ్ళలో కాదు. అక్కడ పక్క స్టాల్ వాడు 20 రూపాయలకి ప్లాస్టిక్‌వి పెడతాడు. చర్చిలో మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకునే పిల్లలకి విచారణలు (ఊళ్ళ చర్చిలు) ఒకేసారి పెద్ద ఆర్డర్ ఇస్తాయి. అక్కడ ఫాదర్ గారు, ఉపదేశి గారు ధర కంటే ముందు ఒకటి అడుగుతారు: పిల్లలు లాగితే తెగుతుందా? ఒకటి చేతికిచ్చి లాగి చూడమన్నాం. అప్పటి నుంచి ప్రతి ఏడూ మాకే.
మీకూ అయ్యప్ప గురుస్వాములు ఉంటారు కదా, ఒక్కొక్కరి వెనక ఎంతోమంది స్వాములు ఉంటారు. వాళ్ళని పట్టుకోండి.

సిరి_పూసలు
ఇది నాకు తట్టలేదు! మా పేటలో ఇద్దరు గురుస్వాములు ఉన్నారు. కాకపోతే వాళ్ళు మాలలు టోకున కొనేస్తారు, చౌకవి.

శబరి_స్వామి_కాకినాడ
నేనొక గురుస్వామిని. చౌకవి ఎందుకు కొంటామంటే మొదటిసారి దీక్ష తీసుకునే కన్నెస్వాములు మాల తీశాక దాన్ని ఏం చేస్తారో తెలియదు. కానీ ఏటా వేసుకునే పాత స్వాములు మంచి మాల అడుగుతారు, అదే మాల ఏడాదికేడాది వేసుకుంటారు. మా బాధ ఒకటే. రెండు పూటలా చన్నీళ్ళ స్నానం, మెడలోంచి మాల తీయకూడదు, చెమట, దారం కుళ్ళి మధ్యలో తెగుతుంది. దీక్షలో మాల తెగితే ఆ స్వామి పడే టెన్షన్ చూడాలి, అపచారమేమోనని. 41 రోజులు చన్నీళ్ళు తట్టుకునే మాల ఇస్తానంటే నేనే పదిమందికి చెబుతాను. దారం మీద వద్దు, రాగి తీగ గానీ వెండి గానీ.

సిరి_పూసలు
స్వామి శరణం 🙏 రాగి తీగతో కట్టి ఒకటి పంపుతాను, ముందు మీరు చూడండి.

కంసాలి_వీధి
రాగి అయితే చెమటకి మెడ మీద పచ్చగా దిగుతుంది, ముందే చెప్పి ఇవ్వు.

మధురవాణి_వైజాగ్
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి అడుగుతాను. "మీరు మడితో కడతారా?" అని అడుగుతున్నారు. ఆడవాళ్ళం కదా, ఆ మూడు రోజుల సంగతి తిప్పి తిప్పి అడుగుతారు. ఏం చెప్పాలో అర్థం కాదు. ఒకావిడ అయితే మాల తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

లక్ష్మీకాసులు
"మీ పట్టుచీర నేసినవాళ్ళని అడిగారా?" అని అడుగుతాను నేను. కస్టమర్ పోతే పోయింది.

అర్చక_శర్మ
అంత దాకా అక్కర్లేదమ్మా. మాల కట్టడం పని, దానికి సంస్కారం వేరే ఉంది. జపమాలని పంచగవ్యంతో, శుద్ధజలంతో కడిగి, మంత్రంతో శుద్ధి చేసి దేవుడి దగ్గర ఉంచి అప్పుడు వేసుకుంటారు. ఎవరి చేతిలోంచి వచ్చినా అది చేయాల్సిందే. "ఇది సంస్కారం చేయని మాల, మీ పురోహితుడితో చేయించుకుని వేసుకోండి" అని చెప్పండి. అడిగినవాళ్ళకి తృప్తిగానూ ఉంటుంది, మీరు అబద్ధం చెప్పినట్టూ ఉండదు. ఫలానా క్షేత్రంలో పూజ చేయించామని రాసి అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నిజంగా చేయించారో లేదో ఎవరు చూశారు?

మధురవాణి_వైజాగ్
శర్మగారూ, ఈ మాట చీటీ మీద రాసి ప్రతి మాలతో పెట్టేస్తాను.

రాజీ_డల్లాస్
అమెరికా నుంచి కొనేవాళ్ళ తరఫున. ఇక్కడ మాకు కావాల్సింది పూసల సైజు మిల్లీమీటర్లలో, మాల పొడవు అంగుళాల్లో, ఎండలో తీసిన ఫోటో. చాలామంది పెట్టే ఫోటోల్లో రుద్రాక్ష బొగ్గులా కనిపిస్తుంది. ఆఫీసుకి వేసుకెళ్ళడానికి చొక్కా లోపల కనపడని 5, 6 మిల్లీమీటర్ల పూసల మాలలు అడుగుతారు, ఇండోనేషియా చిన్న పూసలు. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం లేదన్న రోజులు 2025 ఆగస్టు 29తో అయిపోయాయి. సుంకం ఎవరు కట్టాలో పంపేముందే మాట్లాడుకోండి.

ఆడిటర్_బాబాయ్
పన్ను సంగతి ఎవరూ అడగలేదు, అయినా చెబుతా. రుద్రాక్ష, రుద్రాక్ష మాల, తులసి మాల, జంధ్యం పూజా సామగ్రి కింద వస్తాయి, జీఎస్టీ సున్నా. అవే అమ్మితే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. వెండి నగ అయితే 3 శాతం వైపు వస్తుంది. వస్తువులు అమ్మేవాళ్ళకి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రాలో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. వేరే రాష్ట్రానికి పంపితే, ఆన్‌లైన్ వేదికల మీద అమ్మితే రూల్ మారుతుంది, మొదలుపెట్టే ముందే మీ ఊళ్ళో ఆడిటర్‌ని కలవండి. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి.

పూసల_పిచ్చి
బాబాయ్, వెండి టోపీలు పెట్టిన రుద్రాక్ష మాల సున్నానా, 3 శాతమా?

ఆడిటర్_బాబాయ్
వెండి ఎంత పడితే ప్రశ్న అంత గట్టిది అమ్మాయ్. ఆ ఒక్కదానికీ బిల్లు ముందు పెట్టుకుని మాట్లాడాలి, ఇక్కడ చెప్పను.

కొండగట్టు_అంజన్న
విశ్వకర్మ స్కీముల వస్తదా ఇది?

కంసాలి_వీధి
చేతివృత్తులవాళ్ళకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి, అందులో కంసాలి పని ఒకటి. మాలాకార్ అని ఉంది కానీ అది పూలమాలలు కట్టేవాళ్ళకి. వెండి పని చేసేవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చు. శిక్షణ రోజులకి రోజుకి 500 భత్యం, పనిముట్లకి 15,000, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. మా తమ్ముడు తీసుకున్నాడు. ఉత్త దారం పనికి వస్తుందని నేను చెప్పలేను, మీ దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్‌లో (సీఎస్‌సీ) అడగండి.
హాల్‌మార్క్ కూడా అడుగుతారు. వెండికి తప్పనిసరి కాదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీ (ఏ నగకి ఆ నగకి వేరుగా ఉండే హాల్‌మార్క్) నంబరు వేయించుకోవచ్చు, ఇష్టమైతేనే. ముద్ర లేకుండా 925 స్వచ్ఛత అని నోటితో చెప్పడం కంటే పెద్ద లాకెట్ల వరకైనా ముద్ర వేయించడం మేలు. బంగారం 2 గ్రాముల లోపు ముక్కకి తప్పనిసరి లేదు.

ఏకముఖి_ఎంకన్న
ఎర్రచందనం మాలలకి బాగా గిరాకీ ఉంది, ఎవరైనా చేస్తున్నారా? ఒకతను పులిగోరు లాకెట్ కూడా అడిగాడు.

గోదారి_గట్టు
ఎంకన్నా, నువ్వు చేత్తో కట్టే మాల కంటే ముందు చేతికి కట్టే బేడీలు చూస్తావు.

శేషాచలం_కింద
తిరుపతి నుంచి చెబుతున్నా, ఎర్రచందనం జోలికి పోవద్దు. చెక్క ఎక్కడిదో కాగితం లేకపోతే పూసలు కూడా కేసే. పులిగోరు, ఏనుగు వెంట్రుక ఉంగరం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అడిగినవాడు తప్పించుకుంటాడు, అమ్మినవాడు లోపలికి పోతాడు. మామూలు చందనమైనా బిల్లు ఇచ్చేవాళ్ళ దగ్గరే కొను.

ఏకముఖి_ఎంకన్న
అడిగానంతే, నేను చేయలేదు బాబూ.

సిరి_పూసలు
మనిషిని పెట్టుకునే సంగతి ఎవరూ చెప్పలేదు. పక్కింటి అమ్మాయి వస్తానంటోంది. ముడి ఒకేలా రావట్లేదు తనకి.

లక్ష్మీకాసులు
ముడి దగ్గర అందరూ తడబడతారు. వేళ్ళతో లాగనివ్వకండి. వదులు ముడి వేసి, అందులో సూది దూర్చి, ఆ సూది మొనతోనే ముడిని పూసకి ఆనేదాకా జరిపి, అప్పుడు సూది తీసి బిగించాలి. వేళ్ళతో లాగితే పూసకీ ముడికీ మధ్య వెంట్రుకవాసి సందు మిగులుతుంది, 108 సందులు కలిస్తే మాల రబ్బరులా సాగుతుంది. ముందు పాత నైలాన్ దారం, చౌక పూసలు ఇచ్చి నేర్పండి, పట్టుదారం పాడు చేయనివ్వకండి. నా దగ్గర ముగ్గురు వస్తారు. మాలకి ఇంత అని కూలి, రోజుకి కాదు. మేరు ముడి మాత్రం నేనే వేస్తాను. అది విప్పుకుంటే మాల మొత్తం పోతుంది కాబట్టి.

కంసాలి_వీధి
మాలకి ఇంత అని ఇస్తే తొందరపడతారు, పని చెడుతుంది. మొదట్లో రోజు కూలే నయం.

లక్ష్మీకాసులు
రోజు కూలి ఇస్తే టీవీ సీరియల్ అయిపోయేదాకా ఒక్క మాల కూడా పూర్తి కాదు మా ఇంట్లో.

మధురవాణి_వైజాగ్
😂 మా ఇంట్లోనూ.

పూసల_పిచ్చి
సిరి గారూ, విగ్రహాల నగలే మీరు పెద్దగా పట్టించుకోవట్లేదనిపిస్తోంది. మాలల్లో 199తో పోటీ ఎప్పటికీ ఉంటుంది. ఏ ఇంటి విగ్రహం కొలత ఆ ఇంటిదే, రెడీమేడ్ సరిగ్గా కూర్చోదు. గిల్టు సరుకుకి మచిలీపట్నం ఉంది, గిల్టు ముక్కలు అక్కడ తెప్పించి మీరు కట్టొచ్చు. చిన్న గుళ్ళవాళ్ళు కూడా అడుగుతారు.

అర్చక_శర్మ
గుడి అయితే కొలతలకని మీరు విగ్రహం దగ్గరికి వెళ్ళకండి. అర్చకుడే దారంతో కొలిచి, ముడి వేసి ఇస్తాడు. మెడ చుట్టూ, భుజం నుంచి నాభి దాకా, నడుము, మూడు దారాలు. ఏ దారం దేనికో చీటీ కట్టమనండి. వస్త్రం కట్టాక నడుము లావవుతుంది, వడ్డాణం వెనక గొలుసు కొక్కెం రెండు మూడు అంగుళాలు సర్దుకునేలా పెట్టండి.

సిరి_పూసలు
ఆ కొక్కెం సంగతి బంగారం! శ్రావణానికి ముందు విగ్రహాల నగలు మొదలుపెడతాను, షాపు మాట వదిలేశా. శబరి స్వామి గారికి మాల కడుతున్నా. రాగి తీగ 20 గేజా, 22నా?

కంసాలి_వీధి
అయిదు ముఖాల పెద్ద పూస అయితే 20. చిన్న పూసలకి ఇంకా సన్నటి 22, లేకపోతే రంధ్రంలో రెండోసారి దూరదు. కొక్కేలు తిప్పాక తీగ కొన మెడకి గుచ్చుకోకుండా చిన్న ఆకురాయితో అరగదీయి.

శబరి_స్వామి_కాకినాడ
నాకు పెద్ద పూసలే అమ్మా. పొడవు కొంచెం ఎక్కువ పెట్టు, బొజ్జ ఉంది.